మూడువందల మీటర్ల ఎత్తునకు ఎంత త్రోపుడు?

విద్యార్థులైన శ్రోతలు మాకు వ్రాయు ఉత్తరములలో ఒక ప్రశ్న పలుమార్లు కనుపించుచుండును: "కాగితపు గొట్టముతో చేసిన నమూనా రాకెట్టును 300 మీటర్ల ఎత్తునకు పంపవలెనన్న ఎంత త్రోపుడు బలము కావలెను?" ప్రశ్న చక్కనిదే. కాని అడిగిన తీరులోనే ఒక చిక్కు దాగియున్నది. ఆ చిక్కు విడినచో సగము సమాధానము చేతికి వచ్చినట్లే. తక్కిన సగము గాలికి సంబంధించినది. ఈ లెక్క తప్పినవానికి మార్కులు పోవుట చిన్న సంగతి. పైకి పోయిన రాకెట్టు ఎవరి నెత్తిమీదికి ఎంత వేగముతో దిగునో, అదియు ఈ లెక్కలోనే యున్నది. కావున కొంచెము నిదానముగా చెప్పుదుము. కాగితము, పెన్సిలు దగ్గర నుంచుకొన్నవారు మాతోపాటు లెక్క వేయవచ్చును. తక్కినవారు అంకెలను నమ్మి ముందుకు సాగవచ్చును.

దీపావళినాడు తారాజువ్వ ఎగురని వీధి తెలుగునాట అరుదు. తారాజువ్వకును నమూనా రాకెట్టునకును మూలసూత్ర మొక్కటే. లోపలి మందు మండును. వేడి వాయువులు అడుగు రంధ్రముగుండ వేగముగా వెలువడును. అవి క్రిందికి పోవు బలమునకు ప్రతిగా గొట్టము పైకి త్రోయబడును. కాని తారాజువ్వ ఒక్కసారి పోయి బూడిద యగును. అది ఎచట పడునో వెలిగించినవానికే తెలియదు. నమూనా రాకెట్టు క్షేమముగా నేలకు దిగి మరల ఎగురవలసిన వస్తువు. దాని శరీరము కాగితపు గొట్టము. ముక్కును, ఱెక్కలును బాల్సా వంటి తేలిక కఱ్ఱతోనో ప్లాస్టిక్కుతోనో చేయుదురు. లోపల మడచిపెట్టిన చిన్న పారాచూటు, అడుగున ప్రతిసారి మార్చి పెట్టు మోటారు ఉండును. శరీరమున లోహము వాడరు. తిన్నని ఇనుపకడ్డీ నొకదానిని నేలమీద నిలువుగా నిలిపి, రాకెట్టును దానికి తగిలించి, 15 అడుగుల కెడమున నిలిచి, బ్యాటరీ మీట నొక్కి ముట్టింతురు.

ఈ క్రీడ పుట్టినది అమెరికాలో. నెబ్రాస్కా రాష్ట్రమున నార్ఫోక్ అను పట్టణములో చెప్పుల దుకాణము నడుపుచుండిన ఆర్విల్ కార్లైల్, తన సోదరుడు రాబర్టు విమానయానమును గూర్చి ఇచ్చు ఉపన్యాసములలో చూపుటకై, 1954లో ఇట్టి చిన్న రాకెట్టును చేసెను. వైట్ శాండ్స్ ప్రయోగక్షేత్రమున పనిచేసిన హ్యారీ స్టైన్, ఇండ్లలో రాకెట్లు చేయు బాలురకు కలుగు ప్రమాదములను గూర్చి 1957లో ఒక పత్రికలో వ్రాయగా, అది చదివిన కార్లైల్ తన నమూనాలను ఆయనకు పంపెను. ఆ యేడే అక్టోబరు 4న స్పుత్నిక్కు ఎగిరినది. అటుపిమ్మట గొట్టములలో రసాయనములు కూరి ముట్టించు బాలురు మఱింత పెరిగిరి. వ్రేళ్ళు పోగొట్టుకొన్నవారును, చూపు పోగొట్టుకొన్నవారును వారిలో కలరు. కార్లైల్, స్టైన్‌లు చూపిన మార్గములోని కీలకము ఒక్కటే: పిల్లవాడు మందు జోలికి పోరాదు. మోటారు కర్మాగారమునుండి సిద్ధముగా రావలెను. శరీరము కట్టుట, లెక్క వేయుట, ఎగురవేసి కొలుచుట పిల్లవాని పని. బాణసంచా తయారీ కుటుంబమునుండి వచ్చిన వెర్నన్ ఎస్టెస్ ఆ మోటార్లను వరుసగా చేయు యంత్రమును నిర్మించిన తరువాత ఈ క్రీడ వేగముగా వ్యాపించినది.

ఇక మొదట చెప్పిన చిక్కు. త్రోపుడు అనగా ఆ క్షణమున పనిచేయుచున్న బలము మాత్రమే. బజారులోని తోపుడుబండిని తలచుకొనుడు. బలవంతు డొకడు ఒక్క ఊపు త్రోసి విడిచిపెట్టును. బండి కొంత వేగము నందుకొనును. బక్కపలుచనివాడు అందులో సగము బలముతో, దానికి రెట్టింపు కాలము త్రోయును. చక్రముల రాపిడిని లెక్కలోనికి తీసికొననిచో, బండికి వచ్చు వేగము రెండు మారులును ఒక్కటే. కావున "ఎంత బలము?" అని మాత్ర మడిగిన ప్రశ్నకు సమాధానము లేదు, "ఎంత బలము, ఎంతసేపు?" అని అడుగవలెను. బలమును కాలముతో గుణింపగా వచ్చు రాశిని భౌతికశాస్త్రమున ప్రచోదన మందురు. రాకెట్టు చేరు ఎత్తును ముఖ్యముగా నిర్ణయించునది ఈ ప్రచోదనమే. త్రోపుడు నిర్ణయించునది వేఱొకటి కలదు. దాని వంతు తరువాత వచ్చును.

బలమునకు కొలత న్యూటను. 100 గ్రాముల బరువును అరచేతిలో నిలిపి యుంచుటకు కావలసిన బలము దాదాపు ఒక న్యూటను. 5 న్యూటన్ల త్రోపుడు 2 సెకండ్లు నిలిచినచో ప్రచోదనము 10 న్యూటను-సెకండ్లు.

నమూనా రాకెట్టు మోటారుమీద 'సి6-5' వంటి గుర్తొకటి ముద్రింపబడి యుండును. అందలి అక్షరము ప్రచోదనపు తరగతి. 'ఏ' తరగతికి 2.5 న్యూటను-సెకండ్లు పైహద్దు. 'బి'కి 5, 'సి'కి 10, 'డి'కి 20. ఇట్లు ఒక్కొక్క మెట్టునకు రెట్టింపగుచు పోవును. 6 అను అంకె సగటు త్రోపుడును న్యూటన్లలో చెప్పును. చివరి 5 యొక్క అర్థము ఈ ప్రసంగములో మిక్కిలి ముఖ్యమైనది గనుక దానిని కొంతసేపు ప్రక్కన నుంచుదము. గుర్తు చెప్పునది తరగతి మాత్రమేనని గుర్తుంచుకొనవలెను. ఈ సి6 మోటారు వాస్తవముగా ఇచ్చునది 9 న్యూటను-సెకండ్లకు కొంచెము తక్కువ. సగటు త్రోపుడు 5 న్యూటన్లకు చేరువ. దీనిని సరిచూచుట సులభము. అందులోని మందు సుమారు 11 గ్రాములు. తుపాకిమందు వాయువులు సెకండుకు సుమారు 800 మీటర్ల వేగముతో వెలువడును. 0.011 కిలోగ్రాములను 800తో గుణింపగా 8.8 వచ్చును. మందు బరువును, వాయువుల వేగమును తెలిసినచో ప్రచోదనము తెలిసినట్లే; రష్యాలో జియాల్కోవ్‌స్కీ 1903లో ప్రకటించిన ప్రసిద్ధ సమీకరణమునకు పునాది ఇదియే.

ఇట్టి మోటార్లు మన అంగళ్ళలో తారాజువ్వలవలె దొరకునవి కావు. అందుచేత "తారాజువ్వలు విప్పి ఆ మందును గొట్టములో కూరవచ్చునా?" అని అడిగిన ఉత్తరములును మాకు వచ్చినవి. కూడదు. అందులకు కారణము భయపెట్టుట కొఱకు చెప్పునది కాదు, లెక్కకు సంబంధించినదే. మందు సమముగా బిగింపబడి యున్నంతవఱకు దాని పైపొర మాత్రమే వరుసగా మండును. చేతితో కూరిన మందులో ఒక పగులో, బోలు చోటో ఉన్నచో నిప్పు దానిలోనికి దూరును; మండు వైశాల్యము ఒక్కసారిగా పెరుగును; వాయువు రంధ్రముగుండ పోజాలనంత పుట్టి గొట్టము పగులును. అప్పుడు అది రాకెట్టు కాదు, చేతిబాంబు. లైసెన్సు లేక ప్రేలుడు పదార్థములు తయారుచేయుట 1884 నాటి చట్టము ననుసరించి నేరము కూడ. అనుమతి పొందిన సంస్థల పర్యవేక్షణలో ఎగురవేయు అవకాశము కలిగినవారు ఎగురవేయుదురు గాక. లెక్కకు మాత్రము ఎవరి అనుమతియు అక్కఱలేదు.

మన లెక్కకొక రాకెట్టు కావలెను. గొట్టపు వ్యాసము 25 మిల్లీమీటర్లు, మోటారుతో కలిపి బరువు 60 గ్రాములు అనుకొందము. 11 గ్రాముల మందు మండిపోగా 49 గ్రాములు మిగులును. మందు మండుచున్నంతసేపు సగటున 55 గ్రాములని తీసికొన్నచో పెద్ద తప్పు రాదు.

మొదట గాలియే లేదనుకొందము. పైకి విసరిన వస్తువు 300 మీటర్లు పోవలెనన్న ఎంత వేగముతో బయలుదేరవలెను? ఎత్తును 2తోను, గురుత్వ త్వరణమగు 9.8తోను గుణించి వర్గమూలము తీయవలెను. 5,880కి వర్గమూలము సుమారు 77. సెకండుకు 77 మీటర్లు. 55 గ్రాముల వస్తువునకు అంత వేగము కలిగించుటకు కావలసిన ప్రచోదనము 0.055ను 77తో గుణింపగా వచ్చు 4.2 న్యూటను-సెకండ్లు. అనగా 'బి' తరగతి మోటారొకటి చాలునని లెక్క చెప్పుచున్నది. ఇచటనే చాలమంది పెన్సిలు క్రింద పెట్టుదురు.

గాలి తేలికయని మన మందఱము అనుకొందుము. ఒక ఘనమీటరు గాలి 1.2 కిలోగ్రాములు తూగును. దానిని చీల్చుకొని పోవు వస్తువునకు గాలి కలిగించు నిరోధము వేగముతోగాక, వేగముయొక్క వర్గముతో పెరుగును. వేగము రెట్టింపైనచో నిరోధము నాలుగింత లగును. లెక్కకు సూత్రమిది: గాలి సాంద్రతలో సగమును రాకెట్టు అడ్డుకోత వైశాల్యముతోను, దాని ఆకారమును బట్టి నిర్ణయమగు నిరోధ గుణకముతోను, వేగపు వర్గముతోను గుణింపవలెను. సామాన్యమైన నమూనా రాకెట్టునకు ఆ గుణకము 0.75 అని తీసికొనుట వాడుక. మన 25 మిల్లీమీటర్ల రాకెట్టునకు అన్నియు గుణింపగా 0.00022 వచ్చును, దానిని వేగపు వర్గముతో గుణించినచో నిరోధము న్యూటన్లలో తేలును.

సెకండుకు 77 మీటర్ల వేగమున ఆ నిరోధ మెంత? 1.3 న్యూటన్లు. మందు మండిపోయిన రాకెట్టు బరువో, 0.48 న్యూటన్లు. అనగా ఆ వేగమున రాకెట్టును భూమి లాగుచున్న దానికంటె గాలి దాదాపు మూడింతలు గట్టిగా వెనుకకు లాగుచున్నది. ఫలితముగా, 77 మీటర్ల వేగముతో బయలుదేరిన మన రాకెట్టు 300 మీటర్లు పోదు. 146 మీటర్ల వద్దనే ఆగిపోవును. సగమునకు సగము గాలి తినివేసినది.

ఈ నిరోధమును లెక్కలోనికి తెచ్చుట యెట్లు? ఉన్నత గణితము తెలిసినవారికి తయారు సూత్రములు కలవు. అవి రాని పాఠశాల విద్యార్థికి ఓపిక యొక్కటి చాలును. చిట్టాపుస్తకమువలె గీతలు గీచి, కాలమును సెకండులో పదవ వంతులుగా విభజింపవలెను. ఒక్కొక్క పదవ వంతులో త్రోపుడునుండి బరువును, నిరోధమును తీసివేసి, మిగిలిన బలమును ద్రవ్యరాశితో భాగించినచో త్వరణము వచ్చును. దానిలో పదవ వంతును వేగమునకు కలుపవలెను. ఆ వేగములో పదవ వంతును ఎత్తునకు కలుపవలెను. మొదటి పంక్తిని మేము వేసి చూపుదుము. త్రోపుడు 5 న్యూటన్లు, బరువు 0.59, రాకెట్టు ఇంకను కదలలేదు గనుక నిరోధము సున్న. మిగులు బలము 4.41, 0.060తో భాగింపగా త్వరణము 73.5. కావున మొదటి పదవ వంతు ముగియునప్పటికి వేగము సెకండుకు 7.35 మీటర్లు. ఇట్లు 18 పంక్తులు వేయునప్పటికి మందు అయిపోవును. ఆ తరువాత త్రోపుడు గడిలో సున్న వేసి, వేగము సున్న యగువఱకు సాగింపవలెను. ఒక ఆదివారపు ఉదయమునకు తగిన పని.

5 న్యూటన్ల త్రోపుడు 1.8 సెకండ్లు, అనగా 9 న్యూటను-సెకండ్ల మోటారుతో మాకు వచ్చిన ఫలితములివి. మందు అయిపోవునప్పటికి వేగము సెకండుకు 110 మీటర్లు, ఎత్తు 113 మీటర్లు. ఆ ఊపుతో ఎక్కునది మఱి 208 మీటర్లు. మొత్తము 321. గాలి లేనిచో ఇదే మోటారు ఇదే రాకెట్టును 1,200 మీటర్లకు పైగా ఎక్కించి యుండెడిది! అందులో నాలుగవ వంతునకు కొంచెము మించి మాత్రమే మనకు దక్కినది.

ప్రచోదనమును సగమునకు తగ్గించి, 5 న్యూటన్లను 0.9 సెకండు మాత్రము నిలిపి చూచితిమి. ఎత్తు 166 మీటర్లు వచ్చినది. గాలి లేని చోట ప్రచోదనము సగమైనచో ఎత్తు నాలుగవ వంతు కావలెను. ఇచట మాత్రము సగమునకు కొంచెము ఎక్కువగా మిగిలినది. రెండింతలు ఖర్చు చేసినవానికి నాలుగింతల లాభము రాకుండ గాలి అడ్డుపడుచున్నదన్నమాట. ఈ రెండు అంకెల నడుమ చూచినచో మన 300 మీటర్లకు కావలసినది సుమారు ఎనిమిదిన్నర న్యూటను-సెకండ్లని తేలును. 'బి' చాలదు, 'సి' కావలెను.

ఇప్పుడు త్రోపుడు వంతు. ప్రచోదనమును 9గానే ఉంచి, త్రోపుడును మార్చి చూతము. 5 న్యూటన్లకు బదులు 20 న్యూటన్లు, 1.8 సెకండ్లకు బదులు 0.45 సెకండు. నాలుగింతల త్రోపుడు గనుక ఇంకను ఎత్తుగా పోవునని ఎవరైనను అనుకొందురు. లెక్క వేయగా వచ్చినది 298 మీటర్లు; ముందటికంటె 23 మీటర్లు తక్కువ. దానికి విరుద్ధముగా 2.5 న్యూటన్లను 3.6 సెకండ్లు నిలిపి చూడగా 340 మీటర్లు వచ్చినది. త్రోపుడు తగ్గగా ఎత్తు పెరిగినది! కారణ మూహించుట కష్టము కాదు. 20 న్యూటన్ల రాకెట్టు అరసెకండు గడువకముందే 145 మీటర్ల వేగము నందుకొని, దాని వర్గముతో పెరిగిన నిరోధమునకు ఆ వేగమును ధారపోయును. నెమ్మదిగా పోయినది తక్కువ పన్ను చెల్లించును.

మఱి త్రోపుడును ఇంకను తగ్గించుచు పోవచ్చునా? పోరాదు. 0.4 న్యూటను త్రోపుడు 22.5 సెకండ్లు నిలిచినను ప్రచోదనము 9యే. కాని రాకెట్టు బరువు 0.59 న్యూటన్లు గనుక అది పొగ వదలుచు కడ్డీమీదనే కూర్చుండును. బరువునకు సరిపోవు త్రోపుడంతయు భూమికి కట్టు కప్పమువంటిది. ఆ కప్పము కట్టు కాలము పెరిగినకొలది నష్టము పెరుగును. అతివేగమున గాలికి నష్టపడుదుము, అతినిదానమున భూమికి నష్టపడుదుము. ఈ రెండింటి నడుమ ఉత్తమమైన వేగ మొకటి యుండవలెనని అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ గాడర్డ్ గుర్తించెను. ఒక పౌను బరువును ఒక నిర్ణీతమైన ఎత్తునకు చేర్చుటకు బయలుదేరునప్పుడు రాకెట్టునకు ఉండవలసిన కనీసపు ద్రవ్యరాశి యెంత అను ప్రశ్నను ఆయన 1919లో ప్రకటితమైన గ్రంథములో చర్చించెను. మన విద్యార్థుల ప్రశ్న దానికి చిన్న తమ్ముడు.

కాని నమూనా రాకెట్టునకు త్రోపుడు తగ్గింపరాదనుటకు ఇంతకంటె బలమైన కారణము కలదు. ఈ రాకెట్టునకు చుక్కాని లేదు. దానిని తిన్నగా నిలుపునవి ఱెక్కలు. ఱెక్కలు పనిచేయుటకు గాలి వాటిమీదుగా వేగముగా పాఱవలెను. ఆ వేగము వచ్చువఱకు నిలువుగా పట్టియుంచునది కడ్డీ. సామాన్యముగా కడ్డీ పొడవు 90 సెంటీమీటర్లు. దానిని విడుచునప్పటికి వేగము సెకండుకు 13 మీటర్లకు చేరువగా ఉండవలెనని అనుభవజ్ఞుల మాట. 2.5 న్యూటన్ల త్రోపుడుతో మన రాకెట్టు కడ్డీని విడుచునప్పటి వేగము ఏడున్నర మాత్రమే. సెకండుకు 4 మీటర్ల గాలి వీచుచున్నచో, అది గాలికి దాదాపు 28 డిగ్రీల ఏటవాలుగా ఎదురుపడి, గాలివైపునకు తల త్రిప్పుకొని, ఎత్తునకు బదులు దూరము పోవును. కాగితముమీది 340 మీటర్లు అప్పుడు ఎవరి పెరటిలోనో తేలును. 1 న్యూటనుతో నైనచో ఆ వేగము మూడున్నర. అది పోవుట యననేల, ప్రక్కకు ఒరిగిపోవును.

అందుచేత బయలుదేరునప్పుడు త్రోపుడు బరువునకు కనీసము అయిదింత లుండవలెనను నియమ మేర్పడినది. మన రాకెట్టునకు అది 3 న్యూటన్లు. 5 న్యూటన్లు సమముగా నిలిచినచో కడ్డీ విడుచు వేగము 11.5; బొటాబొటి. మోటారు చేయువారు ఈ సంగతి నెఱిగియే మందులో అడుగువైపున చిన్న గుంట నుంచుదురు. మొదటి క్షణములలో మండు వైశాల్య మెక్కువై త్రోపుడు 14 న్యూటన్ల వఱకు ఎగసి, పిదప తగ్గి, నిలకడగా సాగును. కడ్డీమీద నున్నంతసేపు సగటున 8 న్యూటన్లు ఉన్నచో విడుచు వేగము దాదాపు 15 మీటర్లగును, అది చాలును. బయలుదేరుటకు గట్టి త్రోపుడు, ఎక్కుటకు మృదువైన త్రోపుడు; రెండును ఒక్క మోటారులోనే దొరికినవి.

1971 అక్టోబరు 9న శ్రీహరికోటనుండి మొదటిసారి ఎగిరిన రోహిణి-125 వంటి పరిశోధక రాకెట్లకును ఇదే చిక్కు. అవియు ఱెక్కలమీద ఆధారపడి లేచునవే. మనుష్యులను చంద్రునివద్దకు చేర్చిన సాటర్న్-5 మాత్రము 60 లక్షల పౌన్లకు మించిన బరువుతో, 75 లక్షల పౌన్ల త్రోపుడుతో లేచినది. త్రోపుడు బరువునకు ఒకటింబావు కంటెను తక్కువ. దానికి అది చెల్లినది. ఏలయన ఇంజన్లనే అటునిటు త్రిప్పుచు దారి సరిదిద్దు యంత్రాంగము దానికి కలదు. మన కాగితపు గొట్టమునకు లేదు.

ఇప్పుడు 'సి6-5'లోని ఆ చివరి 5ను చూతము. త్రోపుడు ముగిసినంతనే మోటారులో నెమ్మదిగా మండు మఱొక మందు అంటుకొనును. అది త్రోపుడు నీయదు, పొగను మాత్రము వదలుచు కాలమును కొలుచును. దాని చివరను చిన్న ప్రేలుడు కలిగి ముక్కు ఊడి పారాచూటు వెలికి వచ్చును. ఆ ఆలస్యము ఇన్ని సెకండ్లని 5 చెప్పుచున్నది. రాకెట్టు పైకొసన దాదాపు నిశ్చలముగా నున్న క్షణమున పారాచూటు విచ్చుకొనవలెను. మా లెక్కలో మందు అయిపోయిన తరువాత పైకొస చేరుటకు పట్టిన కాలము 5.6 సెకండ్లు. 5 సెకండ్ల ఆలస్యము దానికి చక్కగా సరిపోవును.

గాలిని మరచినవాని లెక్క వేఱు. అతని లెక్కలో రాకెట్టు 15 సెకండ్ల వఱకు ఎక్కుచునే యుండును. అతడు ఆ లెక్కను నమ్మి 15 సెకండ్ల ఆలస్యము నేర్పరచుకొన్నాడనుకొందము. వాస్తవమున రాకెట్టు అయిదున్నర సెకండ్లలో పైకొస చేరి, తలక్రిందై దిగుట ప్రారంభించును. తొమ్మిది సెకండ్లకు పైగా దిగిన తరువాత పారాచూటునకు ముహూర్తము వచ్చును. అప్పటికి రాకెట్టు నేలకు 40 మీటర్ల ఎత్తున కూడ లేదు. వేగము గంటకు 160 కిలోమీటర్లు. ఆ వేగమున పలుచని పారాచూటు విచ్చుకొనుట యుండదు, చినిగిపోవుటయే. మఱొక్క సెకండులో రాకెట్టు నేలను గ్రుచ్చుకొనును. మైదానమున తలలెత్తి పైకి చూచుచున్న పిల్లలు ఎచట నిలుచుందురో తలచుకొన్నచో, నిరోధపు గడిని చిట్టాలో చేర్చుట ఎందులకో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఎత్తు పెంచుకొనగోరువారు పెద్ద మోటారును కోరుట కంటె ముందు గొట్టమును చూచుకొనుట మేలని మా అభిప్రాయము. అదే మోటారు, అదే బరువు ఉంచి, వ్యాసమును 25 నుండి 35 మిల్లీమీటర్లకు పెంచగా అడ్డుకోత వైశాల్యము దాదాపు రెట్టింపై, 321 మీటర్ల ఎత్తు 222కు దిగినది. దానికి మాఱుగా సన్నని గొట్టమునే ఉంచి, ఱెక్కల అంచులను గుండ్రముగా అరగదీసి, ఉప్పుకాగితముతో నునుపు చేసి, రంగు వేసి, నిరోధ గుణకమును 0.75 నుండి 0.5కు దింపగలిగినచో ఎత్తు 398 మీటర్లగును. మందు ఒక్క గ్రాము పెరుగలేదు. మండువేసవి మధ్యాహ్నమున గాలి పలుచబడుటచే మఱికొంచెము ఎత్తు కలసివచ్చును గాని, దానికై ఎండలో నిలువుడని మేము చెప్పబోము.

లెక్క సరియో కాదో తేల్చునది మైదానము. రాకెట్టు కడ్డీనుండి 300 మీటర్లు కొలిచి అచట నొకరు నిలువవలెను. కోణమాపకము మధ్యబిందువునుండి దారము కట్టి, దాని కొనను చిన్న రాతిని వ్రేలాడదీసి, తిన్నని అంచును తుపాకి గుఱివలె కంటికి చేర్చి, పైకొసన ముక్కు ఊడిన క్షణమున రాకెట్టును చూడవలెను. దారము చూపు అంకెనుండి వచ్చు కోణము 45 డిగ్రీలైనచో ఎత్తు సరిగా 300 మీటర్లు. 40 డిగ్రీలే వచ్చినదనుకొందము. త్రికోణమితి పట్టికలో 40 డిగ్రీల టాంజెంటు 0.839, 300తో గుణింపగా ఎత్తు 252 మీటర్లు. చూచువాని కంటి ఎత్తును దానికి కలుపవలెను. అప్పుడు చిట్టాను మరల తెఱచి, మనము ఊహించి వేసిన అంకెను, అనగా నిరోధ గుణకమును, కొంచెము కొంచెముగా పెంచి చూడవలెను. 1.15 వఱకు పెంచినగాని మా లెక్క 255 మీటర్లకు దిగలేదు. అంత గుణకము వచ్చినదన్న ఱెక్కల అంచులు మొద్దుగా నున్నవేమో, ఱెక్క యొకటి వంకరగా అంటినదేమో, రాకెట్టు తిన్నగా పోక ఊగుచు పోయినదేమో పరీక్షింపవలెను. దోషము కనబడినచో దానిని సరిచేసి, కనబడనిచో 1.15నే ఉంచి, తరువాతి ప్రయోగమునకు ఆలస్యపు సెకండ్లను ఆ చిట్టానుండియే ఎన్నుకొనవలెను.